ఊరి గేటు బయట గుడారాలు: స్కైరిమ్‌లో ఖజీత్, ఆర్గోనియన్ జాతుల రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోలో ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లోని స్కైరిమ్ అనే వీడియో గేమ్ మొత్తాన్నీ రివ్యూ చేయడం లేదు. ఆ ఆట వచ్చింది 2011 నవంబర్ 11న. డ్రాగన్ల గురించి, కొండల అందం గురించి ఇన్నేళ్లలో అందరూ చెప్పేశారు. నేను రెండు జాతుల గురించే మాట్లాడతాను. పిల్లి మొహం, తోక ఉన్న ఖజీత్‌లు ఒకరు. బల్లి చర్మం, తల మీద కొమ్ములు, ఈకలు ఉన్న ఆర్గోనియన్లు ఇంకొకరు. ఆటలో వీళ్లిద్దరినీ కలిపి మృగ జాతులు అంటారు. నాకు ఈ ఆట మీద ఉన్న ప్రేమంతా వీళ్ల వల్లే. కోపం కూడా వీళ్ల వల్లే.

మనం చిన్నప్పటి నుంచి కిష్కింధ కథలు విన్నవాళ్లం. వాలి సుగ్రీవుల గొడవను అన్నదమ్ముల గొడవగానే చూస్తాం. జాంబవంతుడు ఎలుగుబంటి అన్న సంగతి గుర్తుకు రాకముందే పెద్దాయన అన్న గౌరవం వస్తుంది. అందుకే ఏ ఫాంటసీ ఆటలోనైనా ఇలాంటి జాతి కనిపిస్తే నేను ముందు చూసేది ఒకటే. వీళ్లకు ఒక ఊరు, ఒక తిండి, ఒక పరువు, ఒక దిగులు ఉన్నాయా? లేక మనిషికి పిల్లి తల అతికించి వదిలేశారా?

ఖజీత్‌ల సంగతి వినండి. వాళ్ల దేశం ఎల్స్‌వేర్. ఎడారులు, దక్షిణాన అడవులు. వాళ్ల భాషలో ఖజీత్ అంటే ఇసుకలో తిరిగేవాడు అని అర్థం. ఆ లోకంలో ఆకాశంలో ఇద్దరు చంద్రుళ్లు. బిడ్డ పుట్టినప్పుడు ఆ ఇద్దరూ ఏ కళలో ఉన్నారన్న దాన్ని బట్టి ఆ బిడ్డ పెరిగి ఏ రూపం అవుతుందో తేలుతుంది. మన ఇళ్లలో పుట్టిన నక్షత్రాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం చూస్తారు కదా. అక్కడ ఒళ్లే మారిపోతుంది. మొత్తం పదిహేడు రూపాలు. ఓమ్స్ అనే రూపం దాదాపు ఎల్ఫ్‌లా ఉంటుంది. ఆల్ఫిక్ అచ్చం ఇంట్లో తిరిగే పిల్లిలా ఉంటుంది, కానీ దానికి మంత్రాలు వచ్చు. సెంచె పెద్దపులి కంటే పెద్దది, యుద్ధాల్లో మిగతా ఖజీత్‌లు దాని మీద ఎక్కి వెళతారు. మేన్ అనే రూపం ఒక కాలంలో ఒక్కరే ఉంటారు, వాళ్లను జాతి మొత్తం పెద్దగా చూస్తుంది. ఇప్పుడు ఊహించండి. రూపం తల్లిదండ్రుల నుంచి రాదు కాబట్టి, ఒకే ఇంట్లో అన్న పులంత ఉండొచ్చు, చెల్లెలు ఒళ్లో పట్టేంత ఉండొచ్చు. ఇద్దరూ మనుషులే. అంటే, వాళ్ల లెక్కలో మనుషులే.

దీని వెనక ఒక కథ ఉంది, అది నాకు చాలా ఇష్టం. 1994లో వచ్చిన ఈ సిరీస్ మొదటి ఆట అరీనాలో ఖజీత్‌లు మామూలు మనుషుల్లాగే కనిపిస్తారు. 1996లో డాగర్‌ఫాల్‌లో తోక వచ్చింది. 2002లో మారోవిండ్ వచ్చేసరికి మొత్తం పిల్లి రూపం. ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటే ఆడేవాళ్లు అడుగుతారు కదా, ఇదేంటని. వేరే ఎవరైనా అయితే పాతవి మర్చిపోండి అనేవాళ్లు. ఈ ఆటలు తయారు చేసినవాళ్లు అలా అనలేదు. అప్పుడు చూసినవాళ్లూ ఖజీత్‌లే, వాళ్లు వేరే చంద్రకళలో పుట్టారు, అంతే అన్నారు. బొమ్మలు మారినందుకు పుట్టిన తేడాకు ఒక జాతి పుట్టుక రహస్యాన్నే జవాబుగా ఇచ్చారు. ఇంత మంచి సర్దుబాటు నేను ఇంకే ఆటలోనూ చూడలేదు.

ఆర్గోనియన్ల దేశం బ్లాక్ మార్ష్, పేరుకు తగ్గట్టే చిత్తడి నేల. బయటివాళ్లు అక్కడికి వెళితే జబ్బుపడి చస్తారు. వీళ్లకు జబ్బులు సులువుగా అంటవు, నీళ్లలో ఊపిరి ఆడుతుంది. తమను తాము సాక్స్‌లీల్ అనుకుంటారు, వేరు నుంచి వచ్చినవాళ్లు అని. ఆ వేరు హిస్ట్ అనే చెట్టుది. హిస్ట్ చెట్లకు తెలివి ఉంది, అవి తమ పాల ద్వారా ఈ జాతితో మాట్లాడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పాలు రుచి చూస్తుంది. కొందరి పేర్లు వాళ్ల భాషలోనే ఉంటాయి, కొందరివి మిగతావాళ్లకు అర్థమయ్యేలా మారి ఉంటాయి. స్కైరిమ్‌లోని విండ్‌హెల్మ్ అనే ఊళ్లో ఒకాయన పేరుకు అర్థం తెలుగులో చెప్పాలంటే, ఎన్నో చిత్తడి నేలలు చూసి వచ్చినవాడు. మన ఇంటిపేర్లలో ఊరు ఉన్నట్టే, వీళ్ల పేర్లలో బతుకు ఉంటుంది.

ఇప్పుడు స్కైరిమ్‌కు వద్దాం.

ఆట మొదలయ్యేదే మిమ్మల్ని తల నరకడానికి తీసుకెళ్లడంతో. అక్కడ సైనికుడు హాడ్వర్ మీ జాతిని చూసి మాట్లాడతాడు. మీరు ఖజీత్ అయితే, బిడారు వర్తకులతో వచ్చావా, మీవాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక గొడవే అంటాడు. ఆర్గోనియన్ అయితే, రిఫ్టెన్ రేవులో పనిచేసేవాళ్లకు చుట్టానివా అని అడుగుతాడు. ఆట మొదలై కొన్ని నిమిషాలే. మీకు ఇంకా పేరు లేదు. కానీ మీరు ఎవరై ఉంటారో వాళ్లకు అప్పుడే తెలిసిపోయింది. నేను మొదటిసారి ఇది విన్నప్పుడు కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి.

తర్వాత వైట్‌రన్ అనే ఊరు చేరతారు. గేటు బయట గుడారాలు. అక్కడ రిసాద్ అనే ముసలి ఖజీత్ సరుకు పరుచుకుని కూర్చుని ఉంటాడు. ఆట జరిగే స్కైరిమ్ రాష్ట్రం మొత్తం మీద ఖజీత్ బిడారులు మూడు. రిసాద్‌ది వైట్‌రన్, మార్కార్త్ మధ్య తిరుగుతుంది. అహ్కారిది డాన్‌స్టార్, రిఫ్టెన్ మధ్య. మద్రాన్‌ది సాలిట్యూడ్, విండ్‌హెల్మ్ మధ్య. మూడింటికీ ఊళ్లలోకి ప్రవేశం లేదు. సరుకు మంచిదే, ధరా మంచిదే, కానీ మంచులో బయటే. మీరు మాట్లాడి వెళ్లేటప్పుడు, నీ దారి నిన్ను వెచ్చని ఇసుక దగ్గరికి చేర్చాలి అని దీవిస్తారు. చుట్టూ మోకాళ్ల దాకా మంచు ఉన్న చోట ఆ మాట వినండి, ఎలా ఉంటుందో.

వాళ్లు ఎందుకు బయట? ఊళ్లో అడిగితే దొంగలని, మత్తుమందు అమ్ముతారని చెబుతారు. ఎల్స్‌వేర్‌లో మూన్ షుగర్ తిండిలో ఉంటుంది, పూజలోనూ ఉంటుంది. దాన్ని మరిగించి తీసిన స్కూమా బయట నిషేధం. దాంతో జాతి మొత్తం మీద ముద్ర పడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. పుట్టుకతోనే ఒక సమూహాన్ని దొంగలుగా రాసేయడం మన చరిత్రలోనూ జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వచ్చింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకల వాళ్లను ఆ జాబితాలో పెట్టారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం చట్టంతో పాటు పోలేదు. స్కైరిమ్ రాసినవాళ్లకు ఇది తెలుసని నేను అనడం లేదు. కానీ రిసాద్ గుడారం ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

అందుకే ఈ ఆట చేసిన ఒక పనిని నేను క్షమించలేకపోతున్నాను. మీరు దొంగల ముఠాలో చేరితే, మూన్ షుగర్ మూట ఒకటి రిసాద్‌కు చేర్చి బేరం కుదర్చమంటారు. కుదిర్చాక మూడు బిడారులూ మీ దగ్గర దొంగసొత్తు కొంటాయి. ఆడేవాళ్లకు సౌకర్యంగానే ఉంటుంది, దారిలో ఎక్కడ కనిపించినా అమ్మేసుకోవచ్చు. కానీ కథ పరంగా ఏమైందో చూడండి. ఊరివాళ్లు వేసిన నింద నిజమని ఆటే సాక్ష్యం చెప్పినట్టయింది. మూడింట్లో కనీసం ఒక్క బిడారు, మేం ఇలాంటి పని చేయం అని ఆ మూట వెనక్కి పంపి ఉంటే ఎంత బావుండేది!

విండ్‌హెల్మ్‌లో ఆర్గోనియన్లది ఇంకో రకం కష్టం. వాళ్లను గోడ లోపల ఉండనివ్వరు, రేవు పక్కన ఒక గదిలో అందరూ కలిసి ఉంటారు. మూటలు మోస్తారు. అదే పనికి నోర్డ్‌లకు, అంటే అక్కడి స్థానిక మనుషులకు, ఇచ్చే కూలీ వీళ్లకు ఇవ్వరు. ఇందాక పేరు చెప్పానే, ఆయన తరఫున మీరు వెళ్లి ఆ ఓడల యజమానితో మాట్లాడొచ్చు, కూలీ పెంచమని ఒప్పించొచ్చు. చాలా చిన్న పని అది. కత్తి తీయక్కర్లేదు. నేను డ్రాగన్‌ను చంపినప్పటి కంటే ఎక్కువ సంతోషపడ్డాను.

రిఫ్టెన్‌లో మాత్రం పరిస్థితి మెరుగు. అక్కడ ఊరి మధ్యలో సత్రం నడిపేది కీరవా, ఆమె పక్కన పనిచేసే తలెన్ జే, ఇద్దరూ ఆర్గోనియన్లే. ఆమెను పెళ్లి చేసుకోవాలని అతని ఆశ. వాళ్ల ఆచారం ప్రకారం ఉంగరం చేయించడానికి మచ్చలేని అమెథిస్ట్ రాళ్లు మూడు కావాలి, వెతికిపెట్టమని మిమ్మల్ని అడుగుతాడు. బల్లి జాతికి ప్రేమకథ రాయాలని, అది కూడా ఇంత మర్యాదగా రాయాలని ఎవరికో అనిపించింది చూడండి, ఆ రచయితకు నా దండం.

సరే, అసలు కోపం సంగతి. మీరే ఖజీత్‌గా ఆడుతున్నారనుకోండి. రిసాద్‌ను ఆపిన అదే వైట్‌రన్ గేటు దగ్గరికి వెళ్లండి. మీ జాతి చూసి ఎవరూ ఆపరు. నేరుగా లోపలికి వెళ్లి ఇల్లు కొనుక్కోవచ్చు. ఆర్గోనియన్‌గా విండ్‌హెల్మ్‌లోకీ అలాగే నడిచి వెళ్లొచ్చు. అక్కడ రాజ్యం చేసే ఉల్ఫ్రిక్ సైన్యంలో చేరొచ్చు కూడా. రేవులో మీవాళ్లు ఉన్నారే, వాళ్ల సంగతేంటి అని మీ క్యారెక్టర్ చేత ఒక్క ప్రశ్నైనా అడిగించలేదు. హీరోను ఇబ్బంది పెట్టకూడదని భయపడ్డారు. ఆ భయంతో, తాము అంత బాగా రాసిన సంగతిని తామే తేలిక చేసేశారు.

2002 నాటి మారోవిండ్‌కు ఆ భయం లేదు. అక్కడ మృగ జాతులకు కాలి నిర్మాణమే వేరు, నడకే వేరు. బూట్లు పట్టవు, మొహం మొత్తం మూసే హెల్మెట్లు పట్టవు. ఆడటానికి నష్టమే, కానీ ఆ ఒళ్లు మీదని ప్రతి యుద్ధంలో తెలుస్తుంది. ఆ దేశంలో డన్మర్లు అనే ఎల్ఫ్ జాతివాళ్లు ఖజీత్‌లను, ఆర్గోనియన్లను బానిసలుగా గనుల్లో, తోటల్లో పెట్టుకుంటారు. తాళం చెవి సంపాదించి మీరు వాళ్లను విడిపించొచ్చు. విడిపించడానికి రహస్యంగా పనిచేసే ట్విన్ ల్యాంప్స్ అనే వాళ్లతో చేతులు కలపొచ్చు. 2006లో అబ్లివియన్ వచ్చేసరికి కాళ్లు మనుషుల కాళ్లలా తిన్నగా అయ్యాయి, బూట్లు పట్టాయి. స్కైరిమ్ కూడా అదే దారి. సౌకర్యం పెరిగింది, ఆ ఒళ్లు తగ్గింది.

ఆడే విషయంలో రెండు మాటలు. ఖజీత్‌కు చీకట్లో చూపు ఉంది, గుహల్లో దివిటీ అక్కర్లేదు. ఉత్త చేతులతో కొట్టినా గోళ్ల దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆర్గోనియన్‌కు రోజుకు ఒకసారి గాయాలు చాలా వేగంగా మానే శక్తి ఉంది, చావబోయే చోట అది కాపాడుతుంది. కానీ నీళ్లలో ఊపిరి ఆడే జాతిని ఇచ్చి, నీళ్ల కింద యుద్ధం చేసే వీలే ఇవ్వలేదు. ఇంకొకటి, ఆట మొత్తంలో ఒక్క ఖజీత్ పిల్ల గానీ, ఒక్క ఆర్గోనియన్ పిల్ల గానీ కనిపించదు. పదిహేడు రూపాల్లో కనిపించేది ఒక్క రూపమే. మిగతావి చూడాలంటే ఇదే సిరీస్‌లోని ఆన్‌లైన్ ఆటకు వెళ్లాలి. దానికి 2019లో ఎల్స్‌వేర్ దేశమే ఒక అధ్యాయంగా వచ్చింది, ఆల్ఫిక్‌లను నేను మొదట చూసింది అక్కడే. అంతకు ముందు ఏడాది మర్క్‌మైర్ పేరుతో బ్లాక్ మార్ష్‌లో కొంత భాగం వచ్చింది. హిస్ట్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు అది వదలొద్దు.

మార్కులు అడుగుతారు కాబట్టి, ఈ జాతుల ఊహకు, రాతకు పదికి తొమ్మిదిన్నర. స్కైరిమ్‌లో ఆ ఊహను ఆడేవాళ్ల దాకా తెచ్చిన తీరుకు ఆరు.

కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు నేను ఆడినట్టు ఆడి చూడండి. ఖజీత్‌ను ఎంచుకోండి. ఆట ఆపకపోయినా మీకు మీరే నియమం పెట్టుకోండి, పెద్ద ఊళ్ల గోడ లోపలికి వెళ్లొద్దు. అమ్మేది బిడారుల దగ్గరే, కొనేదీ అక్కడే. సగం కథలు మీకు అందవు, పర్వాలేదు. అహ్కారి బిడారులో ఖార్జో అని ఒక కాపలావాడు ఉంటాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన చంద్రుడి తాయెత్తు ఒకటి దొంగలు ఎత్తుకెళ్లారని చెబుతాడు. ఊళ్లో వాళ్లంతా దొంగ అనే జాతిలోవాడు, తన వస్తువు పోయిందని మీకు చెప్పుకుంటాడు. వెళ్లి తెచ్చివ్వండి. నేను ఇచ్చినప్పుడు డాన్‌స్టార్ బయట మంచు పడుతోంది, తెల్లవారుజాము. ఆ తర్వాత నాతో రమ్మంటే వచ్చాడు. దారి మొత్తం నా వెనకే నడిచాడు.