షాయిబ్లె: సర్దుబాటు, పట్టుదల

సభకు నమస్కారం.

జర్మనీ నేత వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లె 1972లో ఆఫెన్‌బుర్గ్ నియోజకవర్గం నుంచి తొలిసారి పార్లమెంటుకు వెళ్లారు. వరుసగా పద్నాలుగు ఎన్నికల్లో అక్కడే గెలిచి, 2023 డిసెంబరులో కన్నుమూసేదాకా సభ్యుడిగానే ఉన్నారు. క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ మనిషి, వృత్తిరీత్యా న్యాయవాది. నిఖార్సైన సంప్రదాయవాది.

ఆయన రాజకీయ జీవితంలో నన్ను బాగా ఆకట్టుకున్నది 1990 వేసవి. అప్పుడాయన పశ్చిమ జర్మనీ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) హెల్ముట్ కోల్ ప్రభుత్వంలో హోం మంత్రి. తూర్పు జర్మనీ తరఫున గుంటర్ క్రౌజె ఆయన ఎదుట కూర్చున్నారు. రెండు దేశాలను కలిపే ఒప్పందాన్ని జులైలో మొదలుపెట్టి ఆగస్టు 31న సంతకాలతో ముగించారు. నలభై అయిదు అధికరణలు, వాటికి వందల పేజీల అనుబంధాలు!

అందులో ఒక చిక్కుముడి చూడండి. తూర్పున తొలి పన్నెండు వారాల్లో గర్భస్రావానికి అనుమతి ఉంది. పశ్చిమాన నిర్దిష్ట కారణాలుంటే తప్ప అది నేరం. షాయిబ్లె పార్టీకి ఇది మామూలు విషయం కాదు. అయినా ఒప్పందం అక్కడ ఆగిపోలేదు. రెండు చట్టాలూ ఎక్కడివక్కడ కొనసాగనిచ్చి, 1992 చివరిలోగా ఉమ్మడి చట్టం తెచ్చుకోవాలని రాసుకున్నారు. తేలని విషయాన్ని తేలనట్టే ఉంచి ముందుకు నడవడం ఎంత కష్టమో రాజకీయాలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

అక్టోబరు 3న దేశం ఒక్కటైంది. తొమ్మిది రోజులకే ఒపెనౌ ఎన్నికల సభలో మతిస్థిమితం లేని వ్యక్తి ఆయనపై కాల్పులు జరిపాడు. వెన్నెముక దెబ్బతిని జీవితాంతం చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. పదవిని మాత్రం వదల్లేదు. 1991 జూన్ 20న పార్లమెంటును, ప్రభుత్వాన్ని పశ్చిమ జర్మనీ రాజధానిగా ఉన్న బాన్ నుంచి బెర్లిన్‌కు తరలించాలా అన్న చర్చలో, ఇది ఉద్యోగాల లెక్కో ఖర్చుల లెక్కో కాదు, జర్మనీ భవిష్యత్తు ప్రశ్న అని వాదించారు. ప్రత్యర్థి పార్టీకి చెందిన మాజీ చాన్సలర్ విల్లీ బ్రాంట్ లేచి వచ్చి కరచాలనం చేశారు. 338–320 ఓట్లతో బెర్లిన్ గెలిచింది.

కోల్ వారసుడు ఆయనే అని అంతా అనుకున్నారు. కానీ ఆయుధ వ్యాపారి ఇచ్చిన లక్ష మార్కుల (అప్పటి జర్మనీ కరెన్సీ) విరాళం వ్యవహారం 2000లో పార్టీ అధ్యక్ష పదవిని పోగొట్టింది. ఆ స్థానంలోకి అంగెలా మెర్కెల్ వచ్చారు. ఆమె మంత్రివర్గంలోనే ఆయన మళ్లీ హోం శాఖ, తర్వాత 2009 నుంచి ఆర్థిక శాఖ నిర్వహించారు. 2014లో కొత్త అప్పు లేకుండా బడ్జెట్ ముగించారు. 1969 తర్వాత అదే మొదటిసారి.

ఇక అప్పుల సంక్షోభంలో పడిన గ్రీసు. అక్కడ నిరుద్యోగం పాతిక శాతం దాటింది, యువతలో సగానికి పైగా పని లేనివారే. 2015 జులైలో ఆయన శాఖ, గ్రీసు కనీసం అయిదేళ్లు యూరో నుంచి తప్పుకోవడాన్ని ఒక మార్గంగా ముందుకు తెచ్చింది. అప్పులు, ఖర్చులపై నిబంధన సడలితే యూరో అనే ఉమ్మడి కరెన్సీయే నిలవదని ఆయన గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంలో నిజాయితీని నేను శంకించను. కానీ తన దేశ ఐక్యత కోసం అంత పట్టువిడుపు చూపిన మనిషి, ఏథెన్స్‌లో పింఛను కోత పడిన వృద్ధుల విషయంలో అందులో కొంతయినా చూపి ఉండాల్సింది.