షవర్ టైల్స్ గ్రౌట్ రివ్యూ: వైట్ సిమెంటా, పాలిమర్ గ్రౌటా, ఎపాక్సీనా?

నమస్కారమండీ. షవర్ కింద టైల్స్ మధ్య గ్రౌట్ పగిలి రాలిపోతోందా? షాపుకు బయల్దేరే ముందు పగులు ఎక్కడ వచ్చిందో చూడండి. ఏం కొనాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఇదిగో, రెండు గోడలు కలిసే ఈ మూల చూడండి. పైనుంచి కిందిదాకా సన్నటి గీత. వేడికి, తడికి రెండు గోడలూ ఒకేలా కదలవు. ఇక్కడ ఏ గ్రౌట్ నింపినా మళ్లీ పగులుతుంది, ఎపాక్సీ అయినా సరే. మూలల్లోనూ, గోడ నేలను తాకే చోటా సాగే గుణమున్న సిలికాన్ సీలెంటే వేయాలి. బాత్రూమ్‌కి వాడేది, ఫంగస్ పట్టనిది, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగండి.

గోడ మధ్యలో పగులుంటే నాణెంతో టైల్‌ని తట్టి వినండి. డొల్లగా మోగితే వెనక సిమెంట్ పట్టు వదిలేసిందన్నమాట. ఆ టైల్ ఊడదీసి మళ్లీ అతికించాకే గ్రౌట్ సంగతి. కింది ఇంటి స్లాబుకి చెమ్మ దిగుతుంటే మాత్రం గ్రౌట్ మీద ఆశ పెట్టుకోకండి. గ్రౌట్ వాటర్‌ప్రూఫింగ్ కాదు. ముందు పైపు జాయింట్లు, జాలీ చుట్టూ చూపించండి.

నేల మీద గ్రౌట్ పగలకుండానే ఇసుకలా రాలి, గుంటలు పడిందా? చాలావరకు అది యాసిడ్ చేసిన పనే. బోరు నీళ్ల ఉప్పు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడుగుతాం. అది మరకతో పాటు సిమెంట్‌నీ తినేస్తుంది.

ఇక గ్రౌట్లు. వైట్ సిమెంట్ చవక, మేస్త్రీలకు అలవాటు. కానీ ఒట్టి వైట్ సిమెంట్ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, నీళ్లు పీలుస్తుంది. షవర్‌లో వద్దే వద్దు. పాలిమర్ కలిసిన సిమెంట్ గ్రౌట్ గోడలకు చక్కగా సరిపోతుంది. ప్యాకెట్ మీద సీజీ2 అని ఉంటే మేలు రకం, పక్కన డబ్ల్యూ ఉంటే నీళ్లు తక్కువ పీల్చేది. జాయింట్, అంటే టైల్స్ మధ్య సందు, 3 మి.మీ. లోపుంటే ఇసుక లేనిది, అంతకు మించితే ఇసుక కలిసినది. మెరిసే టైల్స్ మీద ఇసుక రకం గీతలు పెడుతుంది, జాగ్రత్త.

ఎపాక్సీ అంటే రెసిన్ అనే జిగురుని, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌తో కలిపి వాడేది, ఖరీదెక్కువ. నీళ్లు పీల్చదు, మరక పట్టదు. మా ఓటు ఇది: నేలకీ, గోడల్లో కింది రెండు మూడు అడుగులకీ ఎపాక్సీ, పైన పాలిమర్ గ్రౌట్. అచ్చ తెలుపు తీసుకోకండి, ఎపాక్సీ తెలుపు రానురాను పసుపు తిరుగుతుంది. బోరు నీళ్లుంటే లేత బూడిద రంగు నయం. గరుకు టైల్స్ అయితే మిగిలిన ముక్క మీద ముందు రాసి చూడండి, రంగు పట్టేస్తే వదలదు.

పనిలో అసలు కష్టం పాతది తీయడమే. టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు తీయాలి, 8 మి.మీ. టైల్‌కి 5 మి.మీ. పైన పూత పూసినట్టు రాస్తే కొన్నాళ్లకే పెచ్చులుగా లేచిపోతుంది. కార్బైడ్ బ్లేడు పెట్టిన మల్టీటూల్ (బ్లేడు అటూఇటూ అదిరే కరెంటు పనిముట్టు) వాడండి. గ్రైండర్ జారిందంటే టైల్ అంచు పోయినట్టే. దుమ్మంతా బ్రష్‌తో తీసి, ఒకరోజు ఆరనివ్వండి.

సిమెంట్ గ్రౌట్‌కి ప్యాకెట్ మీద చెప్పిన నీళ్లు కొలిచి పోయండి. వడపిండిలా గట్టిగా ఉండాలి. పది నిమిషాలు ఉంచి మళ్లీ కలపండి, నీళ్లు మాత్రం చేర్చకండి. నీళ్లెక్కువైతే పగుళ్లు, తెల్లమచ్చలు రెండూ వస్తాయి. రబ్బర్ ఫ్లోట్‌ని (రబ్బరు అడుగున్న తాపీని) జాయింట్‌కి ఐమూలగా లాగుతూ లోపలికి నొక్కండి. పావుగంట, ఇరవై నిమిషాలకి బాగా పిండిన స్పాంజితో తుడవండి. ఇదిగో, ఈ జాయింట్‌లో రంగు అక్కడక్కడా వెలిసింది చూడండి, స్పాంజిలో నీళ్లు ఎక్కువుంటే ఇలా అవుతుంది.

ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ కంపెనీ ఇచ్చిన కొలత ప్రకారమే కలపాలి, కంటి అంచనా పనికిరాదు. నిష్పత్తి తప్పితే అది గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. ఎండాకాలంలో త్వరగా బిగుసుకుపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలపండి. గ్లవ్స్ తప్పనిసరి. టైల్ మీద మిగిలిన పొరను తడి స్క్రబ్బర్‌తో అప్పటికప్పుడే తీసేయండి, తెల్లారితే రాదు.

ఎంత కొనాలి? టైల్ పొడవు, వెడల్పు కూడి, ఆ మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించండి. దాన్ని లోతుతో, జాయింట్ వెడల్పుతో, 1.6తో గుణిస్తే చదరపు మీటరుకి కిలోలు వస్తాయి. కొలతలన్నీ మి.మీ.లోనే. 300×450 టైల్, 5 మి.మీ. లోతు, 2 మి.మీ. జాయింట్‌కి సుమారు 90 గ్రాములు. వృథాకి ఇంకో పదిహేను శాతం కలుపుకోండి.

గ్రౌట్ పూర్తిగా ఆరాక, చివర్న మూలల్లో సిలికాన్. రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించి, మధ్యలో సిలికాన్ లాగిన వెంటనే టేప్ తీసేయండి. ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే ఉంటే ఊరెళ్లే రోజుల్లో ఈ పని పెట్టుకోండి, ఎందుకంటే మూడు రోజులపాటు, ఎపాక్సీ అయితే ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు, అక్కడ షవర్ తిప్పకూడదు.