ఫ్రాస్ట్‌బైట్: గడ్డకట్టిన కాలును మంట కాడ పెట్టొద్దు

నమస్తే. సియాచిన్ డ్యూటీ అనంగనే మన దిక్కు మూడు సలహాలు రెడీగ ఉంటయి. వేళ్లు మొద్దుబారితే మంచుతోనే రుద్దాలె, మంట కాడ పెట్టాలె, రెండు పెగ్గుల రమ్ము పడితే చలి దగ్గరికి రాదు. మూడూ వేళ్లు పోగొట్టే సలహాలే. పోస్టింగ్ మీద పోయే పోరనికి ఇవే చెప్పి బండెక్కిస్తుండ్రు!

చలికి ముందు వేళ్లే ఎందుకు పోతయో సాగర్ ఎడమ కాల్వ కింది రైతుకైతే ఇట్టే అర్థమైతది. డ్యామ్‌ల నీళ్లు తగ్గితే ముందు ఎండేది ఎవరి మడి? చివరి ఆయకట్టుది. ఒంట్ల నెత్తురు కూడా గంతే. చలి ముదిరితే గుండెను, మెదడును కాపాడుకోనీకి ఒళ్లు వేళ్లకు, ముక్కుకు, చెవులకు పోయే తూములు దించేస్తది. వెచ్చటి నెత్తురు అందక, సున్నాకు అర డిగ్రీ కిందికి పోయినంక కండల నీళ్లు గడ్డకట్టుడు మొదలైతది. ఫ్రాస్ట్‌బైట్ అంటే ఇదే.

ఎత్తుకు పోతే ఇంకో తిప్పలు. 6,000 మీటర్ల మీద దొరికే ఆక్సిజన్ ఇక్కడి దాంట్ల సగం లోపే. దాన్ని తట్టుకోనీకి ఒళ్లు ఎర్ర కణాలు పెంచుతది, నెత్తురు చిక్కబడ్తది. పైగా అక్కడ దాహం తెలవదు, తాగే నీళ్లకు మంచు కరిగించుకోవాలె, అందుకే తక్కువ తాగుతరు. ఇగ కాల్వల పారేది బురదే, చివరి మడిదాకా ఏం పోతది? రోజుకు 3–4 లీటర్లు తాగాల్సిందే. గాలి సంగతి మర్వొద్దు: మైనస్ 20 డిగ్రీల చలిల గంటకు 30 కిలోమీటర్ల గాలి కొడితే మొఖానికి మైనస్ 33 లెక్క.

సాక్సుల కాడ మస్తుమంది తప్పు చేస్తరు. మూడు జతలు తొడిగి లేసు బిగిస్తే కాల్వకు అడ్డం కట్ట పోసినట్టే. బూటు లోపల వేళ్లు ఆడాలె. నడిచేటప్పుడు చెమట పట్టకముందే పై పొర ఒకటి తీయాలె, ఆగంగనే మళ్ల తొడగాలె. తడి సాక్సు మార్చి, దాన్ని బనీను లోపల పెట్టుకొని ఆరబెట్టుకోవాలె. బూటు లోపలి తొడుగు, అదే లైనర్, రాత్రి స్లీపింగ్ బ్యాగుల పెట్టుకోవాలె, బయట ఉంచితే పొద్దుగాలకు రాయే. పల్చటి లోపలి గ్లౌజు విప్పొద్దు, ఇనుముకు చర్మం అతుక్కుంటది. పెట్రోలు పోసేటప్పుడు మరీ జాగ్రత్త. మైనస్ 30ల కూడా అది గడ్డకట్టదు, అంత చల్లగనే చేతి మీద పడ్తది.

నొప్పి ఆగిపోతే తగ్గిందని సంబరపడొద్దు, గండం అప్పుడే. మన ముక్కు మనకు కనపడదు కాబట్టి జోడీ జవాను చూడాలె. తెల్లమచ్చ ఉండి చర్మం ఇంకా మెత్తగుంటే ముక్కు మీద వెచ్చటి అరచెయ్యి, వేళ్లయితే చంకల.

గట్టిపడితే రుద్దొద్దు, దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతది. మంట కాడ పెడితే మొద్దుబారిన చర్మానికి కాలుతున్నది తెలవదు. ఇగ రమ్ము, చర్మం తూములు ఎత్తేసి డ్యామ్‌ల వేడంతా బయటికి వదుల్తది. వెచ్చగుందనిపించేది అందుకే! సిగరెట్ ఏమో తూము ఇంకింత దించుతది.

మరి కరిగించుడెట్ల? 37 నుంచి 39 డిగ్రీల నీళ్లల్ల ముంచాలె, థర్మామీటర్ పెట్టి చూసుకుంట. చల్లారుతుంటే వేడినీళ్లు కలపాలె, కాలు మీద పోయొద్దు. చర్మం ఎర్రబడి మెత్తగయ్యేదాకా, సుమారు అర గంట. నొప్పి ఘోరంగ ఉంటది, ఐబుప్రొఫెన్ ఇస్తరు. కానీ మళ్ల గడ్డకట్టే భయముంటే అసలు కరిగించొద్దు. కరిగి మళ్ల గడ్డకడితే కండ ఇంకా పాడైతది, దానికన్న గడ్డకట్టిన కాలుతోనే కిందికి నడిచొచ్చుడు నయం.

టైం అయిపోతుంది, మిగతాయి గబగబా. బొబ్బలు చిదమొద్దు. వేళ్ల మధ్య పొడి గాజుగుడ్డ పెట్టాలె. కరిగినంక ఆ కాలు మీద నడవొద్దు. 24 గంటల లోపల పెద్ద ఆసుపత్రికి చేరిస్తే నెత్తురు గడ్డలు కరిగించే మందు పనిచేసే అవకాశం ఉంటది. వేలు నల్లబడ్డదని ఇంట్లోళ్లు ఆపరేషన్‌కు తొందరపెడ్తరు. ఇన్ఫెక్షన్ లేకపోతే డాక్టర్లు వారాలు, ఒక్కోసారి నెలలు ఆగుతరు. ఏది బతికిందో, ఏది చచ్చిందో గీత తేలినంకనే కోస్తరు.