మీ ఆటలో రెక్స్ బతికున్నాడా?

[తెర నల్లగా. అలల చప్పుడు. తుపాకీ పేలిన శబ్దం.]

మాస్ ఎఫెక్ట్ అనే వీడియో గేమ్ మొదటి భాగం, 2007. వర్మైర్ అనే గ్రహం, సముద్రపు ఒడ్డు. మీ జట్టులోని రెక్స్ మీకే తుపాకీ గురిపెట్టాడు. రెక్స్ క్రోగన్ జాతివాడు. వాళ్లకు పిల్లలు పుట్టి బతకడమే గగనమయ్యేలా వేరే జాతులు ఒక జన్యురోగం అంటించాయి. దానికి మందు ఇక్కడే ఉందని ఇప్పుడే తెలిసింది. మీరేమో ఈ చోటునే పేల్చేస్తామంటున్నారు. నచ్చజెప్పగలిగితే సరే, లేదంటే ఆ ఒడ్డునే చచ్చిపోతాడు.

మొదటిసారి ఆడినప్పుడు నా ఆటలో చచ్చిపోయాడు. ఆటే కదా, పోనీలే అనుకున్నా.

[టైటిల్ కార్డు]

నమస్కారం. ముందే చెబుతున్నా, మాస్ ఎఫెక్ట్ ఆట, బాటిల్‌స్టార్ గెలాక్టికా, బాబిలోన్ 5 అనే టీవీ సీరియళ్లు... మూడింటి గుట్టూ విప్పేస్తా. ఇంకా ఆడనివాళ్లూ చూడనివాళ్లూ ఇక్కడే ఆపేయండి, నేనేమీ అనుకోను.

[మాస్ ఎఫెక్ట్ 3 దృశ్యాలు: టుచాంకా శిథిలాలు]

2012లో మూడో భాగం వచ్చింది. పాత సేవ్ ఫైల్, అంటే ముందు భాగాల్లో మీరు తీసుకున్న నిర్ణయాలు, ఇందులోకి తెచ్చుకోవచ్చు. ఆ రోగానికి మందు ఇవ్వాలా, పాడుచేయాలా అన్నది ఇక్కడ మీ చేతుల్లోనే ఉంటుంది. క్రోగన్ల సొంత గ్రహం టుచాంకాకి వెళ్తే, రెక్స్ బతికున్నవాళ్లకు అతనే నాయకుడు. నాకు మాత్రం ఆ స్థానంలో అతని సోదరుడు రీవ్ కనిపించాడు. వీడికి పగ తప్ప ఇంకో ధ్యాస లేదు. వీడి చేతికి కొత్త తరాన్ని అప్పగించాలా అని చెయ్యి ఆగిపోయింది.

ఇక మోర్డిన్. ఆ రోగం పనిచేయకుండా పోతోందని దాన్ని మళ్లీ బిగించిన శాస్త్రవేత్తల్లో ఒకడు. మామూలుగా అయితే మందు వదలడానికి టవర్ ఎక్కి ప్రాణం ఇస్తాడు. కానీ రెక్స్ లేకపోయి, రెండో భాగంలో ఆ మందు పరిశోధన వివరాలు కూడా మీరు నాశనం చేసి ఉంటే, ఆ పని మానేయమని అతన్ని ఒప్పించొచ్చు. అప్పుడు బతుకుతాడు. ఒకడి చావు ఇంకొకడి బతుకైంది! రెక్స్ బతికుండగా మందు పాడుచేశారనుకోండి, నిజం తెలుసుకుని మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడు.

ఐదేళ్ల కిందట నేను మర్చిపోయిన తూటాని ఆట మర్చిపోలేదు.

[ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగులు పక్కపక్కనే]

అంత గుర్తున్న ఆట ఆఖర్లో ఏం చేసింది? మీరు కూడగట్టిన స్నేహాలు, సైన్యాలు అన్నీ కలిపి ఒక అంకె చేసింది. తర్వాత మూడు దారులు చూపించింది. ఏది ఎంచుకున్నా దాదాపు అవే దృశ్యాలు, వెలుగు రంగు మాత్రం వేరు. అభిమానులు ఊరుకోలేదు. ఆట తయారుచేసిన బయోవేర్ స్టూడియోకి నాలుగు వందలకు పైగా కప్‌కేకులు పంపారు. మూడు రంగులు, రుచి మాత్రం ఒక్కటే. నిరసన అంటే అదీ. జూన్‌లో ముగింపుకి అదనపు దృశ్యాలు ఉచితంగా వచ్చాయి.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం రాక్నై అనే పురుగుల్లాంటి జాతి రాణి విషయం. మొదటి భాగంలో ఆమెను చంపేసినా, మూడో భాగంలో శత్రువులు తయారుచేసిన ఇంకో రాణి అదే చోట సిద్ధం. మరి అప్పుడు నన్నెందుకు అడిగినట్టు?

[బాటిల్‌స్టార్ గెలాక్టికా దృశ్యం]

టీవీ దగ్గర ఈ గొడవ వేరు. అక్కడ మనం ఏదీ ఎంచుకోం, కథని నమ్ముకుని కూర్చుంటాం. బాటిల్‌స్టార్ మొదట్లో వచ్చే అక్షరాలు మనుషుల మీద తిరగబడ్డ సైలాన్లనే యంత్రాల దగ్గర ఒక పథకం ఉందని ఊరించాయి. 2009 మార్చిలో ముగిసింది. చనిపోయి తిరిగొచ్చిన పైలట్ స్టార్‌బక్ చివరికి పచ్చిక మైదానంలో, పక్కనున్నవాడు ఇటు తిరిగేలోపు మాయమైంది. ఆమె ఎవరో చెప్పలేదు. ఆ దృశ్యం నాకు నచ్చింది, తిట్టుకున్నవాళ్ల బాధా అర్థమైంది. పథకం ఉందని మాటిచ్చింది వాళ్లే కదా.

ముందే అన్నీ రాసుకుంటే సరిపోతుందా అంటే, బాబిలోన్ 5 చూడండి. దాన్ని సృష్టించిన స్ట్రజిన్‌స్కీ ఐదు సీజన్ల కథ ముందే అనుకున్నాడు. 110 ఎపిసోడ్లలో 92 తనే రాశాడు. మొదటి సీజన్ అయ్యాక ప్రధాన నటుడు వెళ్లిపోయినా కథ కూలలేదు, ప్రతి పాత్రకీ ఒక తప్పించుకునే దారి పెట్టుకున్నాడు కాబట్టి. ఐదో సీజన్ ఉంటుందో ఉండదో తెలియక నాలుగో దాంట్లోనే కథంతా కుక్కాల్సి వచ్చింది. అందుకే ఐదోది పలచబడింది.

[మళ్లీ టుచాంకా. ఎర్రటి ఆకాశం.]

టీవీ అభిమాని అడిగేది, "ఇది నీకు ముందే తెలుసా?" అని. ఆట అభిమాని అడిగేది, "నేను చేసింది నీకు గుర్తుందా?" అని. కొందరంటారు, ముగింపు అంటే ఆఖరి పది నిమిషాలు కాదు, మూడో భాగం మొత్తం ముగింపే, టుచాంకాలోనే అది అయిపోయింది అని. నేను సగం ఒప్పుకుంటా. మిగతా సగం ఆ మూడు రంగుల దగ్గర ఆగిపోతుంది.

రెండోసారి ఆడినప్పుడు రెక్స్‌ని బతికించుకున్నా. టుచాంకాలో మందు మంచులా రాలుతుంటే చూశా. ఆ సేవ్ ఫైల్లో ఆఖరి మిషన్ ఇప్పటికీ మొదలుపెట్టలేదు.

మీ ఆటలో రెక్స్ ఏమయ్యాడో కింద రాయండి.