సమర్‌ఖండ్ వెళితే ఆ గుట్ట ఎక్కండి

సభకు నమస్కారం. గ్రంథాలయ వార్షికోత్సవంలో యాత్రా విశేషాలు చెప్పమని నిర్వాహకులు కోరారు. వేదిక మీది పెద్దలు మన్నించాలి, పేరుపేరునా స్మరించడం మాని నేరుగా విషయానికి వస్తాను. నా మనసులో చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది.

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్ చూసి వచ్చామనే వారిని నేను మొదట అడిగేది ఒక్కటే: అక్కడి రాజు ఉలుగ్ బేగ్ నక్షత్రాలను పరిశీలించడానికి కట్టించిన వేధశాల చూశారా? ‘రెగిస్తాన్ కూడలి చూశాం’ అంటారు. చూడవలసిందే. మూడు వైపులా మూడు మదర్సాలు, నీలి పలకల గోడలు, వాటిలో షేర్-దార్ మదర్సా ద్వారం మీద సూర్యుణ్ణి వీపున మోస్తున్న పులులు. తైమూర్ సమాధి, ఢిల్లీని కొల్లగొట్టి వచ్చాక 1399లో అతడు మొదలుపెట్టించిన బీబీ ఖానుమ్ మసీదు, దాని పక్కన సియాబ్ బజారులో గుండ్రని రొట్టెలు... ఇవన్నీ ప్రతి యాత్రా సంస్థ పట్టికలోనూ ఉంటాయి.

మా సంస్థ పట్టికలో బజారుకు ఒక పూట, వేధశాలకు పావుగంట! బస్సు దిగుతుండగానే మార్గదర్శి, ‘ఇక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు’ అన్నాడు. మా బృందంలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆవిడ లోపలికి వెళ్లి, మళ్లీ బస్సు ఎక్కనని భీష్మించుకున్నారు. బస్సు ఆగింది. ఆవిడకు ఈ సభాముఖంగా నమస్కారం.

ఏమీ లేదన్న చోట ఏముందో చెబుతాను. గుట్టను తొలిచి, భూమిలోకి దిగే ఒక లోతైన కందకం. అందులో ఉత్తర దక్షిణాలుగా పాలరాతి వంపు, దాని మీద చెక్కిన డిగ్రీల గుర్తులు. ఆ వంపు వ్యాసార్ధం సుమారు 40 మీటర్లు! పైన మూడంతస్తుల గుండ్రని భవనం ఉండేది. మిట్టమధ్యాహ్నం పైరంధ్రం నుంచి సూర్యకిరణం ఈ రాతి మీద పడితే, ఏ గీత మీద పడిందో చూసి లెక్క కట్టేవారు. అల్ కాషీ, కాజీజాదా, అలీ కుష్జీ వంటి పండితులు ఉలుగ్ బేగ్ కొలువులో ఉండేవారు. దూరదర్శిని పుట్టని కాలం అది. 1018 నక్షత్రాల స్థానాలతో 1437లో పట్టిక తయారైంది. నాక్షత్ర సంవత్సరం, అంటే నక్షత్రాలను గుర్తుగా పెట్టుకుని లెక్కించే సంవత్సరం పొడవును నేటి విలువకు నిమిషం తేడా కూడా లేకుండా తేల్చారు. అమ్మా, వెనుక వరుసలో కూర్చున్న పిల్లల్ని కాస్త ముందుకు పంపండి. వాళ్లు వినాలి ఇది.

ఈ పని చేయించినవాడు రాజు, తైమూర్ మనవడు. 1449లో సొంత కొడుకే ఆయన్ని చంపించాడు. 1941లో సమాధి తెరిచినప్పుడు తల వేరై ఉన్న అస్థిపంజరమే కనిపించింది. వేధశాల శిథిలమైంది, ఎక్కడ ఉండేదో కూడా జనం మరిచిపోయారు. పట్టిక మాత్రం నిలిచింది. అలీ కుష్జీ ఇస్తాంబుల్ చేరాడు, 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో నక్షత్రాల పట్టిక అచ్చయింది. మన జైపూర్ రాజు సవాయి జైసింగ్ కూడా ఆ పట్టికల్నే ముందు పెట్టుకుని తన గణన సాగించాడు. ఆయన కట్టించిన ఢిల్లీ జంతర్ మంతర్‌కు వెళ్లేవారికి ఈ మాట ఎవరైనా చెబుతున్నారా?

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఆ గుట్ట మళ్లీ ఎలా దొరికింది? 1908లో వ్యాత్కిన్ అనే పరిశోధకుడు పాత కాగితాలు తిరగేస్తుంటే ఒక వక్ఫ్ దస్తావేజు కనిపించింది. ఒక భూమి హద్దులు చెబుతూ వేధశాల పేరు రాశారు అందులో. ఆ హద్దులు పట్టుకుని తవ్వితే రాతి వంపు బయటపడింది. ఆయన్ని అక్కడే, తాను వెలికితీసిన వేధశాల పక్కనే పాతిపెట్టారు. భూమి కాగితం! మన ఇళ్లలో పెట్టెల అడుగున ఉండే అటువంటి కాగితమే.

ఉజ్బెకిస్తాన్ వెళ్లేవారికి నా విన్నపం: డబ్బు కట్టకముందే వేధశాలకు ఒక పూట కేటాయించమని అడగండి, పట్టికలో రాయించుకోండి. వెళ్లనివారికి మరో విన్నపం. తాతల నాటి దస్తావేజులు, ఇనాం పత్రాలు, లెక్కల పుస్తకాలు ఉంటే చిత్తు కాగితాల వాడికి వేయవద్దు. ఈ గ్రంథాలయానికి తెచ్చి చూపించండి. కార్యదర్శిగారు ఇక్కడే ఉన్నారు. వాటికోసం ఒక బీరువా కేటాయిస్తామని ఆయన ఈ సభలోనే ప్రకటించాలని కోరుతున్నాను.