ఈము: నూనె ఒక్కటే కాదు

శ్రోతలకు నమస్కారం.

మన హైదరాబాదులో మేకను కోస్తే పారేసేది చాలా తక్కువ. తల తలకాయ కూరకు, కాళ్లు పాయాకు, పేగులు బోటికి. నెత్తురు గడ్డకడితే నల్ల వేపుడు. తోలు డప్పుకు పోతుంది. ఈ లెక్క మనకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది. అలాంటి మనవాళ్లే పాతికేళ్ల కిందట ఒక కొత్త పక్షిని తెచ్చుకుని లెక్క తప్పారు. అది ఈము.

ఈముది ఆస్ట్రేలియా. ఎత్తులో నిప్పుకోడి తరవాత దీనిదే స్థానం. రెక్కలు పేరుకే, ఎగరలేదు. కాళ్లు మాత్రం గట్టివి, గంటకు 50 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదు. ఆడది ముదురాకుపచ్చ గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. పొదగడం మగదాని పని. సుమారు 8 వారాలు గూటిమీదే, తిండి దాదాపు ముట్టకుండా కూర్చుంటుంది. అన్నాళ్లు ఎలా బతుకుతుందంటారా? గుడ్ల కాలానికి ముందే బాగా మేసి, చర్మం కింద వీపు పొడవునా మందంగా కొవ్వు పేర్చుకుంటుంది. మనం ఈము నూనె అంటున్నది ఆ కొవ్వులోంచి తీసిందే. మన దగ్గర గుడ్ల కాలం చలికాలం. అది దాటాక కోస్తే కొవ్వు చాలామటుకు కరిగిపోయి ఉంటుంది. నూనె సరిగా రాదు, పక్షి ప్రాణమూ వృథా.

కొవ్వును చిన్న ముక్కలు చేసి సన్నటి సెగమీద కరిగిస్తారు. మంట పెరిగితే మాడు వాసన పట్టుకుంటుంది, అది ఇక వదలదు. వెన్న కాచి నెయ్యి దించే మన ఆడవాళ్లకు ఈ నేర్పు వేరే చెప్పక్కర్లేదు. కరిగాక గుడ్డలో వడగట్టి చల్లారనిస్తే అడుగున చిక్కటి భాగం దిగి, పైన లేత పసుపు నూనె తేలుతుంది. ఆస్ట్రేలియా ఆదివాసులు ఎప్పటినుంచో ఈ కొవ్వును ఒంటికి, నొప్పులకు రాసుకుంటున్నారు. వాళ్లు నూనె కోసం మాత్రమే వేటాడలేదు. మాంసం తిన్నారు, ఎముకలను పనిముట్లు చేసుకున్నారు, ఈకలను అలంకారానికి వాడుకున్నారు.

మన దగ్గర ఈము పెంపకం 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. నూనె బంగారం, మాంసానికి విదేశాల్లో గిరాకీ అని చెప్పి రైతులకు పిల్లల జతలు అంటగట్టారు. వాళ్లు వాటిని పెంచి, గుడ్లు పొదిగించి, మరో రైతుకు పిల్లలు అమ్మారు. చేవెళ్ల వైపు ఒకాయన నాతో అన్నమాట: "పిల్లలు అమ్మినన్ని దినాలు మంచిగనే నడిచింది సార్. పెద్దగైనంక ఎవరు గొంటరు?" అసలు రోగం అదే. నూనె పేరు చెప్పి పిల్లల్ని అమ్మారు, నూనె కొనేవాడు మాత్రం రాలేదు. తమిళనాడులోని పెరుందురైలో ఈము పెట్టుబడుల పేరుతో జరిగిన మోసం 2012లో బయటపడ్డాక వ్యాపారం కుప్పకూలింది. దాణా ఖర్చు భరించలేక కొందరు పక్షుల్ని రోడ్డుమీద వదిలేశారు. కోసుకు తినడం కంటే ఇదే పెద్ద పాపమని నాకనిపిస్తుంది.

నూనె గురించి మరోమాట. ఇందులో ఎక్కువ భాగం ఒలీక్ ఆమ్లం, ఆలివ్ నూనెలో ఉండేదే. చర్మానికి మెత్తదనం ఇస్తుంది. అంతవరకు సరే. కీళ్లవాతం తగ్గుతుంది, బట్టతల మీద జుట్టొస్తుంది అంటే నమ్మకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని మందుగా ఆమోదించలేదు.

నూనె పోగా మిగిలేదీ తక్కువేం కాదు. మాంసం కోడిలా తెల్లగా ఉండదు, ఎర్రగా ఉంటుంది, కొవ్వు తక్కువ. వీపు తోలుమీద ఈక మొలిచిన చోటల్లా చిన్న బుడిపె. సంచులకు, పర్సులకు ఆ బుడిపెలే అందం. కాళ్ల తోలు పొలుసులతో ఉంటుంది, గడియారం పట్టీలకు బాగుంటుంది. ఈకను పట్టుకుని చూస్తే ఒకే మొదలు నుంచి రెండు కాడలు వస్తాయి. గుడ్డు పెంకును గోకితే ముదురాకుపచ్చ కింద లేత నీలిపచ్చ, దాని కింద తెలుపు. ఆ పొరల మీదే బొమ్మలు చెక్కుతారు.

ఇవన్నీ అమ్ముడుపోవాలంటే ముందు పక్షిని సరిగ్గా కోసే చోటు దగ్గర్లో ఉండాలి. లారీలో కుక్కి దూరం తీసుకెళ్తే బెదిరిన ఈములు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, కాళ్లు విరుగుతాయి, మాంసం కములుతుంది, తోలు చీరుకుపోతుంది. మాంసం శుభ్రంగా కోయడం, నిలవ చేయడం నేర్పే జాతీయ మాంస పరిశోధనా సంస్థ మన చెంగిచెర్లలోనే ఉంది. ఈముల మీద ఆశ ఉన్నవాళ్లు పిల్లలు కొనకముందే ఒకసారి అక్కడికి వెళ్లి మాట్లాడండి. నూనెకు, మాంసానికి, తోలుకు వేర్వేరుగా కొనుగోలుదారు దొరికాకే షెడ్డు వేయండి.

సెలవు.