చింతపండు అడ్రస్ దొరికింది | దార్ ఎస్ సలామ్ వ్లాగ్

హాయ్ అండీ, నమస్తే! కెమెరా ఊగుతోంది, ఏమనుకోకండి. శనివారం పూట కరియాకో మార్కెట్‌లో నిలబడ్డమే గొప్ప.

ఇదిగో, ఈ గోనెసంచిలోకి చూడండి. చింతకాయలే! ఇక్కడ స్వాహిలీలో పండుని ఉక్వాజు అంటారు, చెట్టుని మ్‌క్వాజు. టాంజానియా వచ్చిన కొత్తలో, "ఇండియా నుంచి తెప్పిస్తారా?" అని కొట్టావిడని అడిగేశాను. ఆవిడ పడీపడీ నవ్వి, "ఇది మా చెట్టే దాదా" అంది. దాదా అంటే అక్క అని, కంగారుపడకండి.

నిజంగా వాళ్ళదే. చింత పుట్టింది ఆఫ్రికాలోనే, మన దేశానికి ఎప్పుడో వేల ఏళ్ళ కిందట చేరింది. అరబ్బులు 'తమర్ హింది' అన్నారు, అంటే హిందూ దేశపు ఖర్జూరం. 1753లో మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 'టామరిండస్ ఇండికా' అని పేరు పెట్టేశాడు. ఊరి పేరు మారిపోయింది పాపం!

మనం పులుసుకి, చారుకి వాడితే వీళ్ళు జ్యూస్ చేస్తారు. నానబెట్టి, పిసికి, వడకట్టి, పంచదార, కాస్త అల్లం వేసి చల్లగా తాగుతారు. ఈ ఉక్కపోతలో ఒక్క గ్లాసుతో ప్రాణం లేచొచ్చింది. జావలోనూ ఈ పులుపు కలుపుతారు, 'ఉజి వా ఉక్వాజు' అని. నాకింకా అలవాటు కాలేదు, జావ అంటే నాకు మజ్జిగే. చెక్క గట్టిది కదా, రోళ్ళూ రోకళ్ళూ చేస్తారు. ఆకు నూరి వాపులకి కట్టడం నాటువైద్యంలో ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. 'మ్‌క్వాజు' అంటే బెత్తం దెబ్బ అని కూడా అర్థమట! చింతబరికెతో తిన్న దెబ్బలు గుర్తొచ్చాయా? ఫుట్‌బాల్ కామెంటరీలో పెనాల్టీ కిక్కులని కూడా 'మిక్వాజు యా పెనాల్టీ' అంటారు. మా లెక్కల మాస్టారు వింటే సంతోషించేవారు.

సరే, ఇంటికొచ్చేశాం. ఫెర్రీ చేపల మార్కెట్ నుంచి మా ఆయన తెచ్చిన చంగు చేప పులుసు పొయ్యి మీద ఉంది. చింతకాయల పెంకులూ ఈనెలూ తీసేసరికి వేళ్ళు పీక్కుపోయాయి కానీ, పులుపు అదిరింది.

వచ్చే నెల అమ్మ వస్తోంది. లగేజీలో మూడు కిలోల చింతపండు సర్దేసిందట. నేనింకా ఏమీ చెప్పలేదు.